కుల్చారం తొవ్వలో చదివిన పుస్తకం

మా చిన్న తమ్ముడు పోయిన నెలలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. జ్వరం వచ్చింది, అది ఛాతీకి పట్టింది, దవాఖానలో చేర్చాం. పొగమంచు ఇంకా విడవని ఒక ఉదయం, నేను పక్కన కూర్చుని ప్రార్థన చేస్తుండగానే ఊపిరి ఆగింది. నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టి చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. కబురు నాతోనే ఇంటికి వచ్చింది.

వాడు దర్జీ. ఆ రోజు మా ఇంటి ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది బట్టలు లోపలే ఉన్నాయి. కొన్ని సగం కుట్టినవి, కొన్ని కత్తిరించి పెట్టినవి. ఒక్కరూ వాటి మాట ఎత్తలేదు. అందరూ బండిని చూశారు. చేతితో తిప్పే ఆ మూడు చక్రాల బండి వరండా పక్కన వేపనీడలో ఉంది. ఎదురింటాయన దాని సీటు మీద రాలిన ఆకులు తుడిచి, "దీన్ని గిట్ల ఖాళీగ ఎప్పుడన్న చూసినమా?" అన్నాడు.

వాడి గురించి నాలుగు మాటలు రాయమని మన చర్చి సంఘంవాళ్లు అడిగారు. బళ్లో పిల్లలకు చెప్పడమే తప్ప రాయడం నాకు అలవాటు లేదు. వాణ్ణి ఎరగనివాళ్లకు కూడా తెలిసేలా మొదటినుంచి చెబుతాను.

మా అమ్మ కడుపున నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. నడక నేర్చే వయసులో ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక కాళ్లు నిలబడలేదు. అప్పటినుంచి వాణ్ణి ఎత్తుకోవడం మా ఇంటి పనుల్లో ఒకటి. నీళ్లు తేవడం, పొయ్యి రాజేయడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం. వాడికి మీసాలు వచ్చాక కూడా ఊరు ఆ పని మానలేదు. పెళ్లికి పోతే ఎవరో ఒకరు వెనకనుంచి వచ్చి, చంకల కింద చేతులు వేసి, ఎత్తి మంచం మీద పెట్టేవారు. ప్రేమతోనే. అలా పెట్టిన ఒకాయనతో వాడు నవ్వుతూ అన్నాడు.

"అన్నా, బియ్యం బస్తానైనా యాడ దించాల్నో అడుగుతరు గదనే."

ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఇంటికి వచ్చాక నాతో చెప్పిన మాట మాత్రం నవ్వుతూ చెప్పలేదు. "అక్కా, ఇగ నన్ను ఒక్కసారే మోయాలె. గది ఆఖరిసారి. అప్పటిదాంక ఎవ్వల్ని ముట్టనియ్య."

ఆ పట్టుదలే బండి అయింది. ఇటు మనం, అటు ఆంధ్రావాళ్లు కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలు. సైకిల్ షాపాయన పాత చక్రాలు, ఒక గొలుసు, ఒక కుర్చీ కలిపి బండి కట్టాడు. ముందున్న పిడిని రెండు చేతులా తిప్పితే కదులుతుంది. మొదటిరోజు మార్కెట్ దాకా పోయి వచ్చి, చెమటలు కారుతుంటే గేటు దగ్గర ఆగి నన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం గాలె అక్కా. అందరి మొహాలు నా ఎత్తుకొచ్చినయ్."

నేల మీద జరుగుతూ తిరిగినవాడికి అంతవరకూ మనుషులంటే మోకాళ్లు, చీర కుచ్చిళ్లు. నాకది ఆ రోజే తట్టింది.

ఆ తర్వాత వాడు ఇంట్లో ఉండడం నేను పెద్దగా చూడలేదు. "లోపల ఉక్కపోస్తది," అనేవాడు. కుట్టుమిషను వరండాలో పెట్టించుకున్నాడు. అదీ చేతితో తిప్పేదే. "పొద్దంత మిషిను తిప్పుడు, పొద్దుగూకంగ బండి తిప్పుడు. దేవుడు కాళ్ల పని గూడ చేతులకే అప్పజెప్పిండు," అని తన మీద తనే నవ్వుకునేవాడు.

మిషన్ దవాఖానలో పనిచేసిన డాక్టరమ్మ ఒకావిడ తన దేశానికి తిరిగి పోతూ వాడికి ఒక పుస్తకాల కట్ట ఇచ్చింది. కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు ఎలా చదువుకోవాలి, ఏ పని చేయాలి, వాళ్లకు ఇల్లు ఎలా ఉండాలి అని పెద్ద చదువులవాళ్లు కాలేజీల్లో చేసిన ప్రసంగాలు. అన్నీ ఇంగ్లీషే. వాడి ఇంగ్లీషు బడి మానిన దగ్గర ఆగిపోయింది. నాది టీచరు ట్రైనింగు దాకా వచ్చింది. అందుకని బడి అయ్యాక నేను చదివి తెలుగులో చెప్పాలి, వాడు వినాలి.

వరండాలో కూర్చుందామన్నాను. "కూసుండుడు నాకు పొద్దంత ఉన్నదే. పోవుకుంట ఇంటా," అన్నాడు.

పోతూ వినాలంటే వాడి చేతులు రెండూ పిడి మీద ఉండాలి. పుస్తకం నా చేతిలో ఉండాలి. అలా మొదలైంది. మెదక్ నుంచి కుల్చారం పోయే తొవ్వలో వాడు బండి తిప్పుతూ, నేను పక్కన నడుస్తూ. గొలుసు చప్పుడు మీదుగా వినపడాలని గొంతెత్తి చదివేదాన్ని. ఊరు దాటాక ఒక కల్వర్టు ఉంది. దాని గోడ మీద నేను కూర్చునేదాన్ని. వాడు బండి ముందుచక్రాన్ని ఎప్పుడూ ఒకేచోట ఆనించేవాడు. ఏళ్ల మీద అక్కడ నేలలో చిన్న గాడి పడింది.

ఆ ప్రసంగాలు తేలికైనవి కావు. ఒక్కో వాక్యం మా వీధి అంత పొడుగు. నేను తడబడితే దాటెయ్యమని వాడు ఎప్పుడూ అనలేదు. "మల్ల సదువక్కా. ఆయన అండ్ల యాడ్నో మంచిమాట దాసిపెట్టిండు," అనేవాడు. నిజంగానే మూడోసారి చదివితే ఏదో ఒకటి దొరికేది. దొరకనప్పుడు, "ఈయనకు గూడ ఎవరో జర సదివి చెప్పాలె," అనేవాడు.

ఒక ప్రసంగం మంచుదేశాల గురించి. రోడ్డు మీద మంచు గడ్డకట్టినప్పుడు చక్రాల బండి జారకుండా ఏం చేయాలో అందులో వివరంగా ఉంది. మెదక్‌లో మంచు ఎక్కడిది? వాడికి మాత్రం అది చాలా ఇష్టం. ఎండలు మండే రోజుల్లో, తారు కరిగి చక్రాలకు అంటుకుంటుంటే, "అక్కా, గా మంచుది సదువు," అనేవాడు.

"ఇంత ఎండల మంచు ఎందుకురా?"

"చల్లగుంటది."

ఆ ప్రసంగం నాకు ఇప్పటికీ సగం కంఠతా వచ్చు.

కొన్నాళ్లకు ట్రాన్సిస్టర్ కొన్నాడు. దానికి గుడ్డసంచి తనే కుట్టి పిడికి వేలాడదీశాడు. హైదరాబాదు నుంచి అప్పుడప్పుడు వికలాంగుల మీద ఎవరో ఒక ప్రొఫెసరు మాట్లాడేవారు. ఆ రోజు బండి రోడ్డు పక్కకు తీసి చివరిదాకా వినేవాడు. వక్త 'పాపం' అన్నప్పుడల్లా బండికున్న సైకిల్ గంట ఒకసారి మోగించేవాడు. ఒక ప్రసంగానికి గంట ఆగలేదు. ఎదురుగా వస్తున్న ఎడ్లబండాయన ఎడ్లను పక్కకు లాగి, "ఇంత జాగ ఉండంగ ఎందుకు గట్ల కొడ్తున్నవయ్యా? నా ఎడ్లు బెదురుతున్నయ్!" అని అరిచాడు.

"నీకు గాదు మామా, హైదరాబాద్ సారుకు," అన్నాడు మావాడు.

మన ఊళ్లో ఒక సంగతి ఉంది. తొవ్వలో ఎవరైనా పుస్తకం తెరిచి గొంతెత్తి చదువుతున్నారంటే అది సువార్తే. ఇంకో పుస్తకం రోడ్డు మీద ఎవరు చదువుతారు? పైగా నాది తెల్లచీర, ఆ పుస్తకాలది నల్ల అట్ట. పొలాలనుంచి తిరిగొచ్చేవాళ్లు కల్వర్టు దగ్గర ఆగేవాళ్లు. మగవాళ్లు తలరుమాలు విప్పి చేత్తో పట్టుకునేవాళ్లు. ఆడవాళ్లు గంపలు దించి కొంగు తల మీదికి లాక్కునేవాళ్లు. నేను తుంటి కండరాల గురించి చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాళ్లు.

"ఇది దేవుని పుస్తకం గాదుండ్రి," అని వాడు ఊరుకోకుండా చెప్పేవాడు. వాళ్లు తల ఊపి అలాగే నిలబడేవాళ్లు.

అందరికంటే ఎక్కువసేపు ఆగేది ఒక పెద్దమ్మ. మోకాళ్ల నొప్పుల మనిషి. కొడుకు మేస్త్రీ. వాళ్లు మన సంఘంవాళ్లు కారు. క్రిస్మస్ రోజు మాత్రం ఆమె మన వీధి మందిరానికి వచ్చి, మెట్లు ఎక్కలేక, బయట చింతచెట్టు కింద మా తమ్ముడి పక్కన కూర్చునేది.

"పెద్దమ్మా, గిది దేవునిది గాదని నీకెట్ల జెప్పాలె?"

"మరి ఎవ్వలదిరా?"

"నా అసొంటి కుంటోళ్ల గురించి సదువుకున్నోళ్లు రాసిండ్రు."

"గట్లైతె దేవుడే రాయించిండు తియ్. సదువు బిడ్డా, నువ్వు ఆపకు."

వాడు నా వైపు చూశాడు. నేను పేజీ తిప్పాను. చదివాను.

చింతచెట్టు సంగతి చెప్పాలి. మందిరం ముందు మెట్లుండేవి, నిలువుగా, గట్టిగా కట్టినవి. అందువల్ల ఆదివారాలు వాడు చెట్టు కింద బండిలోనే ఉండి ఆరాధన వినేవాడు. పాటలు కిటికీలోంచి బాగానే వచ్చేవి, వాక్యం సగం వచ్చేది. ప్రభురాత్రి భోజనం నాడు లోపల బల్ల దగ్గర అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చాక, పాస్టరయ్యగారు రొట్టె, గిన్నె పట్టుకుని మెట్లు దిగి, కాలే నేల మీద వట్టికాళ్లతో చెట్టు దాకా వచ్చేవారు. అంతకంటే మర్యాద ఇంకేముంటుందని అందరం అనుకున్నాం. మన కుర్రవాళ్లు ఎన్నోసార్లు అడిగారు. "అన్నా, మేం ఎత్తుకపోతం రా," అని.

"వద్దు తమ్మీ. బయట గాలి మంచిగుంది."

గాలి కోసం కాదని నాకు తెలుసు. ఒక సాయంత్రం కల్వర్టు దగ్గర, పుస్తకం మూశాక, పొలాలవైపు చూస్తూ వాడే చెప్పాడు.

"అక్కా, అందరు బల్ల దగ్గరికి పోతరు. నా దగ్గరికి బల్ల వస్తది. అయ్యగారు మంచోడే. గని నేను పోవాలె. ఒక్కసారన్న. నా అంతట నేను."

ఆ రాత్రి నుంచి ఆ మాట నా ప్రార్థనలో ఉంది.

తర్వాత మేం చదివిన పుస్తకంలో కట్టడాల మీద ఒక ప్రసంగం వచ్చింది. మెట్లు ఉన్నచోట వాటి పక్కన ఏటవాలు బాట కట్టాలి, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవైనా ఉండాలి, అప్పుడు బండిలోని మనిషి ఎవరి సాయం లేకుండా ఎక్కుతాడు అని ఉంది. పక్కన బొమ్మ కూడా వేశారు. వాడు పుస్తకం నా చేతిలోంచి లాక్కున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా చేయలేదు.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. "ఏందేంది? మెట్ల కాడ ఏం గట్టాలన్నడు?"

"ఏటవాలు బాట," అన్నాను నేను. "మోకాళ్లు నొయ్యకుండ ఎక్కొచ్చంట."

"అవునా? దేవుడు గట్ల జెప్పిండా?"

ఎప్పుడూ సరిదిద్దేవాడు ఆ రోజు జవాబు చెప్పలేదు. మెడలోని టేపు తీసి, వంగి కల్వర్టు గోడ ఎత్తు కొలుస్తున్నాడు. ఆమె మాట వాడి చెవిన పడలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఉతికిన ధోవతి కట్టుకుని ఆమె కొడుకు మందిరంలోకి వచ్చాడు. సంఘ పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మా అమ్మ నన్ను మస్తు పరేషాన్ జేస్తుంది. మెట్ల కాడ ఏటవాలు బాట గట్టాలని మీ దేవుని పుస్తకంల ఉందంట గద. ఇంకెందుకు గట్టలేదని నన్ను తిడ్తుంది. రాయి, సున్నం మీరియ్యుండ్రి, కూలి నాకొద్దు. గట్టేదాంక బువ్వ పెట్టనన్నది."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన గ్రంథం తెరిచి పేజీలు తిప్పసాగారు. "యాడుందయ్యా గది?"

"నాకేమెర్క? మీరు గద సదువుకున్నోళ్లు."

కిటికీ తెరిచే ఉంది. చెట్టు కింద వాడికి ప్రతి మాటా వినపడుతోంది. నేను గుమ్మంలో నిలబడి వాడి మొహం చూస్తున్నాను. వాడు నోరు మెదపకుండా ఉంటే చాలు. బాట వచ్చేస్తుంది.

వాడు బండి గంట కొట్టాడు. అందరూ గుమ్మంలోకి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.

"అయ్యగారూ, గది దేవుని పుస్తకంల లేదుండ్రి. మా అక్క సదివే పుస్తకంల ఉంది. పెద్దమ్మ గట్ల అనుకున్నది. నేను కాదని చెప్పకపోతి. దేవుడు చెప్పని మాట చెప్పినట్టు జేసి నాకు బాట వద్దు."

పేజీలు తిప్పుతున్న పెద్దాయన గ్రంథం మూశారు. "గట్లైతె ఇగ అయిపాయె. అయ్యగారు బయటికొచ్చి ఇస్తనే ఉన్నరు గద బిడ్డా. నీకేం తక్కువ జేసినం?"

వాడు పిడిని గట్టిగా పట్టుకున్నాడు.

"తక్కువేం గాలె పెద్దయ్యా. ఎక్కువైంది. నాకు ఎక్కువ వద్దు. అందరి లెక్క వరుసల ఒకన్ని గావాలె."

పాస్టరయ్యగారు మెట్ల మీద నిలబడి, మొదట వాణ్ణి, తర్వాత తన కాళ్ల కింది మెట్లను చూసుకున్నారు. ఆయన ఎన్నేళ్లుగానో దిగుతున్న మెట్లే అవి.

"పుస్తకంల ఉందో లేదో నేను నిదానంగ చూస్త," అన్నారు. "మేస్త్రీ, నువ్వు మాత్రం రేపే రా."

ఆయన నిజంగానే చూశారు. పూర్వం బలిపీఠానికి మెట్లు వద్దన్న మాట ఒకటి కొన్నాళ్లకు చూపించి, అది వేరే సందర్భమని ఆయనే ఒప్పుకున్నారు. మావాడు దండం పెట్టాడు. "అయ్యగారూ, గీ సంగతి పెద్దమ్మకు చెప్పకుండ్రి. ఇగ నన్ను బతకనియ్యదు."

బాట కట్టడం కూడా సులువుగా జరగలేదు. మేస్త్రీ మొదట పొట్టిగా, నిటారుగా గీత గీశాడు. వాడు బండిలోంచి వంగి, దర్జీ సుద్దతో దాన్ని పొడిగించాడు. "గంత పొడుగైతె కుల్చారం దాంక పోతది," అన్నాడు మేస్త్రీ. "పోనియ్యన్నా. ఎక్కేది నేను, నువ్వు గాదు," అన్నాడు వాడు. చివరికి బాటను గోడ వెంట తీసుకుపోయి, చింతచెట్టు దగ్గర ఒక మలుపు తిప్పారు. అంగీకి కొలతలు తీసినట్టు గుడికి తీస్తున్నాడని వీధి అంతా వచ్చి చూసి నవ్వింది. నవ్వినవాళ్లే రాళ్లు అందించారు.

సున్నం ఆరాక వచ్చిన మొదటి ప్రభురాత్రి భోజనం రోజు, వాడు చెట్టు కిందే అందరికీ చెప్పాడు. "ఎవ్వరు చెయ్యి వెయ్యొద్దుండ్రి."

గొలుసు చప్పుడు ఒక్కటే వినపడింది. మలుపు దాకా బాగానే పోయాడు. అక్కడ బండి ఆగింది. కొంచెం వెనక్కి జారింది. చుట్టూ ఎన్ని చేతులు లేచాయో! వాటిలో నావీ ఉన్నాయి. నేను వాటిని వెనక్కి తీసుకుని కొంగు గట్టిగా పట్టుకున్నాను. వాడు తల వంచి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ పిడి తిప్పాడు. గుమ్మం దాటాడు. చాపల మధ్యగా పోయి, వరుసలో ఆఖరున ఆగాడు. వాడి వంతు వచ్చినప్పుడు అయ్యగారు అందరికీ ఎంత వంగారో అంతే వంగారు.

బయటికి వచ్చాక అడిగాను. "ఎట్లుందిరా?"

కళ్లు తుడుచుకుంటూ నన్నే కోప్పడ్డాడు. "లోపల ఇంత చల్లగుంటదని ఇన్నేండ్లు ఒక్కలన్న చెప్పలేదేందక్కా?"

సాయంత్రాలు మాత్రం కుల్చారం తొవ్వ మానలేదు. ఇక లోపలే కూర్చుని చదువుకోవచ్చు కదా అంటే, "అప్పుడు బయట ఉండుడు తప్పకుండె. ఇప్పుడు నా ఇష్టం," అన్నాడు. ఆ ఇష్టంతోనే చివరి వారం దాకా తిరిగాడు.

వాడు చెప్పిన ఆ ఒక్కసారి వచ్చింది. పెట్టెను మన కుర్రవాళ్లు భుజాలకెత్తుకున్నారు. మందిరంలోకి మెట్లే దగ్గరి దారి. ఎవరూ ఏమీ చెప్పకుండానే ముందున్నవాళ్లు బాట వైపు తిరిగారు. గోడ వెంట నడిచి, మలుపు దగ్గర మెల్లగా తిరిగి, పైకి తీసుకుపోయారు. పెద్దమ్మ, కొడుకు చెయ్యి పట్టుకుని ఆ బాట మీదే వెనక వచ్చింది.

సమాధి జరిగిన మూడోరోజు సాయంత్రం, బడి నుంచి ఇంటికి పోవలసినదాన్ని, నా కాళ్లు కుల్చారం తొవ్వ పట్టాయి. సంచిలో పుస్తకం ఉంది. కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. ఊళ్లోని పెద్ద చర్చి గంట అంతదూరం సన్నగా వినపడింది. కాసేపటికి పెద్దమ్మ గంపతో వచ్చింది. నన్ను చూసి ఆగింది. గంప దించబోయి, కింద బండి చక్రపు గాడి చూసుకుని, దాన్ని తప్పించి అవతల పెట్టింది. మెల్లగా కూలబడి, కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏది సదువమంటవ్ పెద్దమ్మా?"

"నీ తమ్ముడు ఎప్పుడు అడుగుతుండె సూడు, గా మంచుది."

పుస్తకం తెరిచాను. ఆమె కళ్లు మూసుకుంది. మంచు పడే తొవ్వలో చక్రాలు జారకుండా ఏం చేయాలో, గాడికి వినపడేలా గొంతెత్తి చదివాను.